గద్దకు ఒక్క ఈల

ఇంకొక్క ఫిర్యాదు వస్తే చేతిపట్టీ లాగేసుకుంటామని పార్కువాళ్లు ఇలారియోకు చెప్పేశారు. గైడు పట్టీ పోతే ఆ ఆల్ప్స్ లోయలో అతనికి మిగిలేది ఆవుల పేడ ఎత్తడమే.

ఆ రోజు టోరినో నుంచి ఎత్తోరే, అతని భార్య పియెరా వచ్చారు. ఎత్తోరే చేతిలో అప్పటికే కాగితం, కలం ఉన్నాయి.

"మార్మోట్లు కనపడకపోయినా సరే, ఈలైనా వినపడాలి. పోయినసారి ఉత్త రాళ్లు చూపించి పంపారు" అన్నాడు.

అక్టోబరు వచ్చేసింది. ఉడుత జాతి బొద్దు జంతువులవి, ఈపాటికి బొరియల్లో చలికాలం నిద్రలో ఉంటాయి. అందుకే ఇలారియో ముందురోజే మేనమామ బత్తిస్తా కాళ్లావేళ్లా పడ్డాడు. బండల చాటున కూర్చుని ఈల వెయ్యడమే ఆయన పని.

"ఎలా వేస్తాయి బాబూ అవి?" అడిగింది పియెరా.

"పైన గద్ద కనిపిస్తే ఒక్కటే ఈలండీ. కింద నక్క వస్తే వరసపెట్టి."

మొదటి బండ దాటారు. చప్పుడు లేదు. రెండోదీ దాటారు. ఎత్తోరే కలం మూత తీశాడు. ఇలారియోకు ఆ చలిలో చెమట పట్టింది.

పియెరా వెనకబడి, వంగి బూటు లేసు కట్టుకుంటోంది.

"మళ్లీనా? చిన్నప్పుడంతా మేకలు కాశావు, లేసు కట్టుకోవడం మాత్రం రాదు" అన్నాడు ఎత్తోరే, వెనక్కి చూడకుండానే.

అప్పుడు కీచుమని వినిపించింది. ఒకే ఒక్క ఈల.

"గద్దండీ! పైకి చూడండి" అన్నాడు ఇలారియో. బండల వైపు చూస్తే మామ టోపీ బయటపడుతుందని అతని భయం.

మెడ పట్టేసేదాకా చూసినా గద్ద కనపడలేదు. అయినా ఎత్తోరే మొహం వెలిగిపోయింది. పై మలుపులో పియెరా కోసం ఆగినప్పుడు ఇంకో ఈల. ఎత్తోరే కలానికి మూత పెట్టేశాడు.

కొండ దిగాక ఎత్తోరే ఇలారియో భుజం తట్టాడు. "నీ గురించి మంచిగా రాస్తానోయ్."

ఇలారియో ఒక్క పరుగున మేనమామ ఇంటికి వెళ్లాడు. ఆయన పొయ్యి పక్కన కూర్చుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని పొలెంటా, అదే మొక్కజొన్న సంకటి, తింటున్నాడు.

"తిట్టకురా అల్లుడూ. మోకాలు పట్టేసి గడప దాటలేదు."

"మరి ఈల వేసిందెవరు మామయ్యా?"

"అయితే నిజమైనదే వేసిందన్నమాట. నక్క తోక తొక్కావురా."

ఇలారియో గుండె పొంగింది. ఈ మాట చెప్పాలని టోరినో బస్సు దగ్గరికి పరిగెత్తాడు. అప్పుడే కదులుతోంది. "ఈ ఏడాదికి అదే ఆఖరు మార్మోటండీ" అని కేక వేశాడు.

నోరు తెరిచి నిద్రపోతున్న మొగుడి మీదుగా పియెరా కిటికీలోంచి తల బయటపెట్టి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, కీచుమని ఒకే ఒక్క ఈల వేసింది.