గట్టు మీద ఏడుపు

"ఈసారి ఏం బొమ్మ తెచ్చారండీ మా అత్తకి? కాలు కూడా ఇరగ్గొట్టేదా?"

చేతిలో చీపురుతో గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది వీరదుర్గ. జానకిరామ్ అరటిపళ్ళ సంచీని చప్పున వెనక్కి దాచుకున్నాడు. అదేమైనా దొంగసొత్తా దాచుకోడానికి? అయినా తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు పాపం.

"బొమ్మ కాదండీ. మామ్మగార్ని ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

"చూడండి, చూడండి. ఊరంతా వచ్చి చూసి నవ్వి ఎళ్ళారు. మీరొక్కరే తరువాయి."

ఆ మాట అబద్ధం కాదు. చేసింది జానకిరామ్, నవ్వులపాలైంది వీరదుర్గ అత్త రత్తమ్మ.

పాత బొమ్మలంటే జానకిరామ్‌కి పిచ్చి. రాజమండ్రిలో పాతసామాన్ల కొట్లన్నీ తిరిగి ఆట కీబోర్డులు, మాట్లాడే చిలకలు, వీడియో గేమ్ పెట్టెలు ఏరుకొచ్చి, పొట్టలు విప్పి, ఇటు వైరు అటు అతికేవాడు. కీబోర్డు కప్పల్లా బెకబెకలాడేది. గేమ్ పెట్టె టీవీ తెరనిండా రంగుల చారలు కక్కేది. "బీటెక్ చదివి నువ్వు వెలగబెట్టేది ఇదా?" అని తండ్రి తిట్టని పూట లేదు. ఆ తండ్రి చేతే శభాష్ అనిపించింది ఒక్క ఏడుపు బొమ్మ. దానికి పెద్ద స్పీకరు తగిలించి, వాళ్ళ రొయ్యల చెరువు గట్టు మీద కర్రకి కట్టాడు. కళ్ళల్లో ఎర్రలైట్లు మిణుకుమిణుకుమంటూ, పసిపిల్లలా మొదలుపెట్టి రాక్షసిలా ముగించే ఆ ఏడుపుకి హడలిపోయి, రొయ్యల్ని మింగే నీటికాకులు చెరువు వంక చూడ్డమే మానేశాయి.

మొన్న తెల్లవారుజామున రత్తమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆ గట్టు మీదుగానే ఆటో కోసం వెళ్తోంది. వెళ్తూ వెళ్తూ చెరువులోకి దూకేసింది. తూము సిమెంటు దిమ్మకి తగిలి చెయ్యి విరిగింది. బొమ్మ ఏడుపు విని నిజం పిల్లే అనుకుని దూకిందని చెరువు కాపలా బుల్లియ్య ఊరంతా చెప్పాడు. అప్పట్నుంచి ఆవిడ పేరు 'బొమ్మ కోసం దూకిన రత్తమ్మ'.

లోపల మంచం మీద, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది రత్తమ్మ.

"రా బాబూ, కూకో."

జానకిరామ్ కూర్చోలేదు. "నన్ను తిట్టండి మామ్మగారూ."

"తిడితే చెయ్యి అతుక్కుంటదా?"

"కుక్క అరుపో, లారీ హారనో పెట్టినా సరిపోయేదండీ. పసిపిల్ల గొంతే కావాల్సొచ్చింది నా తెలివితేటలకి. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు."

అంతలో కిటికీ అవతల ఎవరో "క్యారు... క్యారు..." మని ఏడుపు నటించారు. వెంటనే పిల్లల కిలకిలలు. "మీ దుంపతెగ! ఉండండి, మీ పని చెప్తాను!" అంటూ చీపురెత్తుకుని వీధిలోకి పరిగెత్తింది వీరదుర్గ. జానకిరామ్ సిగ్గుతో చచ్చిపోయాడు. రత్తమ్మ మాత్రం చేతి కట్టు సర్దుకుంటూ కూర్చుంది.

"బొమ్మ తీసేద్దామని నాన్నగారితో పోట్లాడానండీ. వినలేదు. రొయ్యలన్నీ నీటికాకులకి మేపుతావా అని కేకలేశారు. అయినా మీరు నడిచే గట్టు మీద మాత్రం లేకుండా చేశాను. ఇంక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

"ఎక్కడెట్టావేంటి?"

"అవతలి గట్టుకి మార్పించానండీ. బుల్లియ్య పాక గుమ్మం ఎదురుగా."

అంతవరకూ గోడకి జారగిలబడిన రత్తమ్మ నిటారుగా అయిపోయింది. "పాక ఎదురుగానా? ఓరి నాయనోయ్! తీసెయ్ బాబూ. ఇప్పుడే ఎల్లి తీసెయ్."

"అదేంటండీ, మీరింక అటు..."

"నా సంగతొదిలెయ్." కోడలు ఇంకా వీధిలోనే ఉందో లేదో ఓసారి తొంగి చూసి, గొంతు తగ్గించింది. "ముందు ఒట్టెయ్యి, మీ నాన్నగారికి చెప్పనని. తెలిసిందంటే బుల్లియ్యని పెళ్ళాం పిల్లతో సహా ఈ పూటే ఎల్లగొడతారు. అందుకే నవ్వేవోళ్ళని నవ్వనిచ్చి ఊరుకున్నాను."

అర్థం కాకపోయినా ఒట్టేశాడు జానకిరామ్.

"కర్ర పాతినకాణ్ణుంచి వింటన్నాను నీ బొమ్మ ఏడుపు. రోజూ దాని పక్కనించే ఎల్తన్నాను. బొమ్మకీ బిడ్డకీ తేడా తెలీదా బాబూ నాకు?"

"మరెందుకు దూకారు?"

"ఆయేళ రెండు ఏడిచినయ్యి."

జానకిరామ్ మంచం దగ్గరికి జరిగాడు. "రెండోది?"

"బుల్లియ్య కూతురు. నిద్రలేచి గట్టెంట నడుచుకుంటా వచ్చి తూము కాడ నీళ్ళలోకి జారిపోయింది. తూముకున్న చెక్క పట్టుకుని ఒకటే ఏడుపు. పిల్లకేం కాలేదులే, దేవుడున్నాడు. పిల్ల చెరువులో పడిందని తెలిస్తే పని పోద్దనే బుల్లియ్య ఆ బొమ్మ కత అల్లాడు."

"వాళ్ళమ్మ పాకలోనే ఉంది కదండీ! వినపడలేదా?"

"ఎందుకినపడలేదు బాబూ? కన్నతల్లి కూడా నీ బొమ్మే అనుకుని అటు తిరిగి పడుకుంది."