తలుపు తియ్యకూడదు

ధన్! ధన్! ధన్!

బాత్రూంలో పళ్ళు తోముకుంటున్న ధరణి కుళాయి కట్టేసి విన్నది. పైన, మెట్ల చివర, ఎవరో తలుపు బాదుతున్నారు.

రెండు నెలల కిందట, కెనడాలోని ఎడ్మంటన్‌లో వాళ్ళ స్కూలు ఎదుటే కాల్పులు జరిగాయి. పిల్లలంతా మూడు గంటలు బల్లల కింద నక్కారు. అప్పటినుంచీ ఎనిమిదేళ్ళ ధరణి చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతోంది. పెద్దవాళ్ళు మర్చిపోయారు. వాళ్ళకేం, ఎన్నైనా మర్చిపోతారు.

అలాంటప్పుడు పాటించాలని టీచర్ చెప్పిన 'లాక్‌డౌన్' రూల్సు ధరణికి కంఠతా వచ్చు. లైటు ఆర్పాలి. మాట్లాడకూడదు. ఎవరు పిలిచినా తలుపు తియ్యకూడదు, తెలిసిన గొంతైనా సరే.

ఇంటి అడుగున వాళ్ళుండే ఒక్క గది బేస్‌మెంట్ అది. అమ్మ చదువు కోసం ముగ్గురూ వచ్చిపడ్డారు. ఇవాళ శనివారం, అమ్మకి కాఫీ షాపులో డ్యూటీ. వెళ్తూ చెప్పింది.

"నాన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నారు, లేపకు. సింకు దగ్గర చెత్త సంచీ ముట్టుకోకు, ఆయనే పడేస్తారు. బయటికి మాత్రం రాకమ్మా, మైనస్ ముప్ఫై ఒకటి డిగ్రీల చలి!"

ధరణి బాత్రూంలోంచి ఒక్క పరుగున వచ్చి లైటు ఆర్పింది. చీకట్లో మంచం మీద రగ్గు ఎత్తుగా కనిపించింది. మంచం కింద దూరింది.

"నాన్నా, లాక్‌డౌన్! కదలకు," అని పైకి గుసగుసలాడింది. నాన్న కదల్లేదు. మంచి నాన్న.

తలుపు గురించి భయమేమీ లేదు. మూస్తే దానంతటదే తాళం పడే తలుపు. పైన ఏదో అరుపు. చెవుల్లో వేళ్ళు కుక్కుకుంది.

బల్ల మీద నాన్న ఫోను గుర్రుమంది. అమ్మ! చప్పుడైతే వాడికి తెలిసిపోదూ? పాక్కుంటూ వెళ్ళి ఆపేసి, మళ్ళీ దూరింది.

బాదడం నెమ్మదించింది. ఆగి ఆగి వినిపించింది. తర్వాత అదీ లేదు.

ధరణి ఎందుకైనా మంచిదని వెయ్యి దాకా లెక్కపెట్టింది. బయటికొచ్చింది. మనసు గంతులేస్తోంది.

"లే నాన్నా, వాడు వెళ్ళిపోయాడు. నేనే కాపాడా నిన్ను!"

లైటు వేసి, రగ్గు లాగింది.

రెండు దిండ్లున్నాయి, సింకు దగ్గర చెత్త సంచీ లేదు, తాళంచెవులున్న నాన్న చలికోటు మాత్రం మేకుకే వేలాడుతోంది.