ఎడమ చెయ్యి

అనకాపల్లిలో ముప్పై ఏళ్లుగా పళ్ల డాక్టరు సత్యవేణి ప్రతి రోగికీ ఒకే మాట ఇచ్చేది: "నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తు, ఆపేస్తాను." భద్రతా ప్రమాణాలు మారి, రోగి నొప్పిని మాట్లాడే యంత్రపు కుర్చీయే కొలవడం మొదలుపెట్టాక ఆ చేతికి విలువ పోయింది. ఆపొద్దని కుర్చీ చెప్పినా మూడుసార్లు పని ఆపిన వైద్యుల లైసెన్సు రద్దవుతుంది. సత్యవేణి అప్పటికే రెండుసార్లు ఆపింది.

ఆ రోజు డ్రిల్లు పంటిని తాకగానే, బెల్లం అమ్మే నూకాలమ్మ చెయ్యి లేచింది.

"నొప్పి సున్నా. కొనసాగించండి," అంది కుర్చీ.

సత్యవేణి డ్రిల్లు ఆపింది.

"జివ్వున లాగేత్తంటే సున్నా అంటాదేటి డాక్టరమ్మా? పన్ను నాదా, దానిదా?"

"ఆపడానికి కారణం?" అడిగింది కుర్చీ.

"చెయ్యెత్తింది. రాసుకో."

"మూడోసారి. లైసెన్సు రద్దయింది." కుర్చీ దీపం ఆరిపోయింది, డ్రిల్లుకు కరెంటు ఆగిపోయింది.

నూకాలమ్మ బెదిరిపోయింది. "అయ్యో, నేను ఓర్చుకుందును గదమ్మా!"

"ఓర్చుకోమని నీకెప్పుడు చెప్పాను?"

తెరిచిన పంటిని అలాగే వదిలితే చీము పడుతుంది. అందుకే సత్యవేణి కిటికీ వెలుతురులోకి చెక్క కుర్చీ లాగి, మరో మత్తు సూది వేసి, చేతి పనిముట్లు అందుకుంది.

నూకాలమ్మ నోరు తెరిచింది. ఎడమ చెయ్యి ఒడిలో సిద్ధంగా ఉంది.