మొదటి తొక్కుడు

"నువ్వు ఏ షాఫ్టు వేసుకున్నా కొండ నీ మీద జాలి పడదురా" అన్నాడు అన్న.

తమ్ముడు విననట్టే ఉన్నాడు. కొండ అడుగున, కొండెక్కే పందెం బండ్ల కోసం వేసిన రేకుల షెడ్డులో, బల్ల మీద రెండు కొత్త షాఫ్టులున్నాయి. ఒకటి అల్యూమినియంది, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. ఇంకోటి ఉక్కుది, మందపాటిది. పాతది బల్ల కింద మసిగుడ్డల్లో పడి ఉంది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసేది ఈ గొట్టమే. తమ్ముడు తన ట్రక్కుకు ఇంజను బలం పెంచే పెద్ద టర్బో ఎక్కించాక పాతది దానికి చాలకుండా పోయింది.

"అల్యూమినియంది తేలికే, బండి చురుగ్గా ఉరుకుతుంది. కానీ మలుపు దాటాక ఆ నిటారు ఎత్తు మీద అడుగంటా తొక్కాలి. అక్కడ ఓర్చుకునేది ఉక్కే. అదే బిగించు" అన్నాడు తమ్ముడు.

"పాతదే ఉంచితే?"

"పరాచికాలా అన్నయ్యా? నా మొదటి తొక్కుడికే చెరుకుగడలా మెలిపడిపోతుంది. బయలుదేరే గీత మీదే బండి చతికిలబడుతుంది. జనం పళ్ళికిలిస్తారు."

"ఇకిలిస్తే ఇకిలించనీ. నిలబడ్డ బండి కింద తెగితే పోయేది పరువే. పరుగులో తెగితే ముందుకొస ఊడి నేలలో గునపంలా దిగుతుంది. బండిని ఎత్తి లోయలో పారేస్తుంది."

"అందుకే ఉక్కుది అంటున్నా." తమ్ముడు చేతి తొడుగులు తీసుకుని లేచాడు.

"బిగించాక ఒకసారి కిందకి వంగి చూసుకోరా."

"నువ్వు బిగించాక నేను వంగి చూడాలా? ఆ రోజొస్తే పందేలు మానేస్తాలే" అని నవ్వుతూ బయటికి పోయాడు.

పందేల దగ్గర వాణ్ణి తొక్కుడుగాడు అంటారు. జెండా ఇంకా పూర్తిగా వాలదు, వాడి కాలు పెడల్ని నేలకు నొక్కేసి ఉంటుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. చాలామంది గెలుపెవరిదో చూడ్డానికి కాదు, ఆ తొక్కుడు చూడ్డానికే వస్తారు.

అన్న పానా చేతిలోకి తీసుకున్నాడు. అంతలో తమ్ముడి భార్య టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది గాని మూత తియ్యలేదు.

"బావగారూ, ఆయన మీ మాటే వింటారు. ఎలాగైనా ఆపండి."

"వినేవాడైతే ఆ టర్బో ఎందుకు ఎక్కిస్తాడమ్మా?"

"కిందటి పందెంలో ఆ ఎర్ర బండి లోయలోకి పోయింది చూడండి. అతని భార్య నా పక్కనే నిలబడి ఉంది. బండి కనపడకుండా పోయాక కూడా చప్పట్లు కొడుతూనే ఉంది, పిచ్చిది. దానికి తెలియలేదు." ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "అప్పట్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు."

అన్న బల్ల కిందికి చూశాడు.

"నువ్వెళ్ళమ్మా. నేను చూసుకుంటాను."

ఆమె వెళ్ళగానే షెడ్డు తలుపు దగ్గరికి వేశాడు. పాత షాఫ్టు లాగి, మసి తుడిచి, నల్లరంగు కొట్టాడు. ఆరాక కొత్తదానికేం తీసిపోలేదు. ఉక్కుదాన్ని పట్టా కింద దాచాడు. బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగిస్తుంటే, ఎన్నడూ లేనిది, పానా జారి వేలు చీరుకుంది. వాడు తొక్కగానే ఫట్‌మని ఒక్క చప్పుడు. అంతే. బండి గీత దాటదు. వాడు తిడతాడు, తిట్టనీ. ఏడాదిపాటు గుమ్మం తొక్కడు, తొక్కకపోనీ. బతికుంటేనే కదా తిట్టేది.

బండిని నెమ్మదిగా నడిపించి గీత మీద నిలబెట్టారు. తమ్ముడు వచ్చి ఎక్కాడు. వంగి చూడలేదు.

దారి పక్కన జనానికి అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని అన్న నిలబడ్డాడు. చెవులు ఆ ఒక్క చప్పుడు కోసమే ఉన్నాయి. జెండా వాలింది.

చప్పుడు రాలేదు.

ముందు చక్రాలు లేవలేదు. బండి నెత్తిన పాలకుండ పెట్టుకున్నదానిలా మెత్తగా కదిలింది, గీత దాటింది.

"ఏరా, తొక్కుడుగాడికి మోకాళ్ళ నొప్పులొచ్చాయా?" అన్నాడు వెనకనుంచి ఎవడో. జనం గొల్లుమన్నారు.

బండి నిదానంగా దారి పట్టుకుని మలుపు వైపు పోతోంది. అన్న తాడు కింద నుంచి దూరి దాని వెంట పడ్డాడు. "ఆపరా, ఆపు" అని అరిచాడు. ఇంజను మోత ఆ అరుపును మింగేసింది. అద్దంలో కనిపించాడేమో, తమ్ముడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. తర్వాత బండి మలుపు తిరిగింది. ఇక దాని దుమ్మే మిగిలింది.

అన్న కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. మరదలు రొప్పుతూ వచ్చి పక్కన నిలబడింది. ముఖం తేటగా ఉంది. కొండ మీదికి చూస్తూ చప్పట్లు కొడుతోంది.

"కంగారుపడకండి బావగారూ" అంది. "మీరు చూసుకుంటానన్నా మనసు ఆగలేదు. షెడ్డు నుంచి నేరుగా ఆయన దగ్గరికే పోయి, గీత మీద తొక్కొద్దు, మలుపు దాటేదాకా మెల్లగా పోనివ్వండి, ఆ తర్వాత ఎంత తొక్కుతారో మీ ఇష్టం అని చేతిలో చెయ్యి వేయించుకున్నాను."