బట్టీ ఎవరిది

సమ్మె మొదలుపెట్టేనాటికి కార్మిక సంఘం సెక్రటరీ చేతిలో ఉన్న సరుకు ఇది: గేటు ముందు ఒక టెంటు, కట్టు తప్పని జనం, బొంగురుపోని గొంతు. వీటన్నిటికంటే విలువైనది ఫ్యాక్టరీ లోపల మండుతున్న గాజు బట్టీ.

ఎదుటివాడి ప్రాణం ఎక్కడుందో కనిపెట్టి అక్కడ వేలు పెట్టడం ఆయనకు తెలిసిన బేరం. యజమాని ప్రాణం బట్టీలో ఉందని ఆయన లెక్క.

గాజు బట్టీని పండగకీ ఆర్పరు, చావుకీ ఆర్పరు. ఆరిందంటే లోపల కరిగిన గాజు గడ్డకడుతుంది, గోడల ఇటుకలు పగులుతాయి. మళ్ళీ వెలిగించడమంటే కొత్తది కట్టుకోవడమే.

అందుకే బొగ్గు వేసేవాళ్ళను కూడా బయటికి రమ్మన్నాడు. వాళ్ళు నసిగారు. ఆరిపోతే తమ పని కూడా దాంతోనే పోతుందన్నారు. బట్టీ చల్లబడకముందే యజమాని పరుగెత్తుకొస్తాడని సెక్రటరీ నచ్చజెప్పాడు.

యజమాని రాలేదు.

బట్టీ కూడా ఆరలేదు.

పొగగొట్టంలోంచి పొగ సన్నగా, మొండిగా వస్తూనే ఉంది. టెంటులో కూర్చున్నవాళ్ళు తల ఎత్తి దాన్ని చూసేవారు, తల దించి ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవారు.

గేటు కాపలావాడు మంచినీళ్ళ వంకతో వచ్చి సెక్రటరీ చెవిలో ఒక మాట వేసిపోయాడు. వెనక గోడ విరిగినచోట, మధ్యాహ్నం అందరూ కునికే వేళ కాపు కాయమన్నాడు.

కాశారు. గోడ ఎక్కుతూ దొరికినవాడు మసి తాత.

బూడిద ఎత్తిపోసే ముసలాయన. ఏ ఊరివాడో తెలియదు, ఈ మధ్యే వచ్చాడు. సంఘంలో పేరు లేదు, ఎవరితోనూ పెద్దగా మాట లేదు.

"యజమాని ఎంతిస్తున్నాడు తాతా?" అన్నాడు సెక్రటరీ.

"ఏమీ ఇవ్వడు."

సెక్రటరీ నవ్వాడు. ఊరికే ఒళ్ళు వంచే మనిషిని ఆయన తన జన్మలో చూడలేదు.

"ఆరిపోతే మళ్ళీ వెలిగించరు నాయనా," అన్నాడు ముసలాయన. "మీ సమ్మె మీరు చేసుకోండి. దాన్ని మాత్రం కొనఊపిరితో ఉండనివ్వండి."

"బట్టీ యజమానిది. ఆరితే నష్టం వాడిది. మధ్యలో నీకెందుకు నొప్పి?"

"యజమానిది స్థలం. బట్టీ మనది."

ఆ మాటకు అందరూ పడీపడీ నవ్వారు. ముఖానికి మసి పూసి ఊరేగిద్దామని ఒకడన్నాడు. పూయడానికి ఇంకా చోటెక్కడుందని ఇంకొకడన్నాడు.

సెక్రటరీ తూకం వేసుకున్నాడు. ఇవాళ వదిలేస్తే రేపు ఇంకొకడు గోడ ఎక్కుతాడు. ఒకవైపు ఒక ముసలాయన ఒళ్ళు, ఇంకోవైపు ఇంతమంది కట్టుబాటు. ఆయన అటు తిరిగి సిగరెట్టు ముట్టించుకున్నాడు.

గోడ కింద, మళ్ళీ కరిగించడానికి పోగేసిన గాజు పెంకుల గుట్ట ఉంది. ముసలాయనను గోడమీంచి దానిమీదికి తోశారు. లేవబోతే మళ్ళీ తోశారు. పార పట్టిన చేతులివేగా అని రెండు అరచేతులనూ చెప్పుకాళ్ళతో పెంకుల్లోకి నొక్కారు.

ఆయన అరవలేదు. ఇవాళ్టి బొగ్గు ఇంకా వెయ్యలేదని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం టెంటులో ఒకడు ఆ మాటను అచ్చం ఆయన గొంతుతోనే అని చూపించాడు. మళ్ళీ అనమని అడిగి మరీ నవ్వుకున్నారు.

రెండ్రోజుల్లో పొగ ఆగిపోయింది. ఆ తర్వాత లోపల్నుంచి ఇటుకలు పగిలే చప్పుడు మొదలైంది. ఒక్కో చప్పుడుకూ జనం చప్పట్లు కొట్టారు. ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళనూ పిల్లలనూ పిలుచుకొచ్చి మరీ వినిపించారు.

అప్పుడొచ్చాడు యజమాని.

కారు దిగి అందరికీ నమస్కారం పెట్టాడు. బట్టీని వాళ్ళ చేతులతో వాళ్ళే చంపుకున్నారు కాబట్టి ఫ్యాక్టరీ మూసేస్తున్నానన్నాడు. తనంతట తాను మూసి ఉంటే అందరికీ పరిహారం ఇచ్చుకోవాల్సి వచ్చేదనీ, ఆ బరువు దింపి పుణ్యం కట్టుకున్నారనీ అన్నాడు. గొంతులో కోపం లేదు.

వెళ్తూ వెళ్తూ కాపలావాడి భుజం తట్టాడు.

"ఆ ముసలాడి పీడ భలే వదిలించావు. ఇంకోచోట కట్టే కొత్త ఫ్యాక్టరీ గేటుకు నువ్వే ఉందువుగాని."

కాపలావాడు సెక్రటరీ వైపు చూడలేదు.

సెక్రటరీ ముసలాయన గదికి బయల్దేరాడు. దారిలో లెక్క చూసుకున్నాడు. యజమానికి పైసా పరిహారం లేకుండా స్థలం దక్కింది, కాపలావాడికి ఉద్యోగం దక్కింది. తమవైపు వేసుకోవడానికి ఒక్కటీ కనిపించలేదు. ముసలాయనకు ఎవడో ఒకడు డబ్బిచ్చే ఉంటాడు. ఆ పేరొక్కటి దొరికితే, ఆ దెబ్బలకైనా లెక్క సరిపోతుంది.

గదిలో ముసలాయన లేడు. గాయాలు చీముపట్టి, జ్వరం తలకెక్కి, తెల్లవారుజామున పోయాడట. ఆయన భార్య చాపలోంచి గాజు ముక్కలు ఏరుతోంది.

ఎవరి మాట మీద ఆయన లోపలికి వెళ్ళేవాడని సెక్రటరీ అడిగాడు.

"ఎవరు చెప్తారు బాబూ. ఇదివరకు మేమున్నచోటా గాజు ఫ్యాక్టరీయే. సమ్మెలో బట్టీ ఆరిపోయింది. ఆ వీధుల్లో ఇప్పుడు దీపం పెట్టే మనిషి లేడు."

"అక్కడ కూడా ఇలాగే బొగ్గు వెయ్యడానికి పోయేవాడా?"

ఆమె వేలికి గుచ్చుకున్న ముక్కను తీసి పక్కన పెట్టింది.

"లేదు బాబూ. అక్కడ సంఘానికి సెక్రటరీ ఆయన. బట్టీ ఆర్పించింది ఆయనే."