పళ్ళు తోమని మూడు వారాలు

"ఇవాళ్టి నుంచి మూడు వారాలు మీరు పళ్ళు తోముకోకూడదు," అంటూ భార్య అతని చేతిలోంచి బ్రష్ లాక్కుంది.

అతను తెల్లబోయాడు. "నువ్వు పళ్ళ డాక్టరువేనా?"

"డాక్టర్ని కాబట్టే చెబుతున్నా. నేనూ తోముకోను. రోజూ రాత్రి చెరో బిళ్ళ చప్పరిద్దాం. ఒకరి బిళ్ళలో చిగుళ్ళను కాపాడే మంచి బ్యాక్టీరియా ఉంటుంది. ఇంకొకరిది ఉత్త బిళ్ళ. ఎవరిది ఏదో నాతో పనిచేసే స్నేహితురాలికి తప్ప ఎవరికీ తెలీదు."

"బ్యాంకులో నా కౌంటర్ ముందు నిలబడేవాళ్ళ గతేం కాను?"

"క్యూ త్వరగా కరిగిపోతుంది లెండి."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. రెండేళ్ళుగా చేస్తున్న ఈ బిళ్ళల పరిశోధన ఇక ఆపెయ్యమని కాలేజీలో ప్రొఫెసర్ అనేశాడు. "ముందు రెండు నోళ్ళ మధ్య తేడా చూపించమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నాడట. చూపించి తీరాలని ఆమె పంతం.

భార్య కళ్ళకింద నలుపు చూసి, అతను మారుమాట లేకుండా బిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

మూడు వారాలూ ఇద్దరూ చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుకున్నారు. గడువు తీరిన రోజు స్నేహితురాలు ఇద్దరి చిగుళ్ళూ పరీక్షించింది. ఎక్కడా వాపు లేదు, ఒక్క చుక్క రక్తం లేదు.

"బ్యాక్టీరియా బిళ్ళ నీదేనే," అంది స్నేహితురాలు. భార్య ముఖం వెలిగింది.

"కానీ ఉత్త బిళ్ళ చప్పరించిన మీ ఆయన చిగుళ్ళు కూడా అంతే బాగున్నాయి. ఇక తేడా ఏముందని చెబుతాం?"

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ ఆమె గట్టిగా అంది. "రేపు ప్రొఫెసర్‌గారికి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఆపెయ్యమంటే ఆపేస్తాను. అబద్ధం మాత్రం ఆడను."

అతను మంచినీళ్ళు తెచ్చిచ్చి, పక్కన కూర్చున్నాడు.

"ఒకటడుగుతాను, కోప్పడవుగా?"

"అడగండి."

"ఆ బ్యాక్టీరియా నా బిళ్ళలోనే ఉందనుకుని, నువ్వెక్కడ ఓడిపోతావోనని, నేను రోజూ ఆఫీసులో దొంగచాటుగా పళ్ళు తోముకుని, నీకు అనుమానం రాకుండా రెండు బిస్కెట్లు నమిలి ఇంటికొచ్చాననుకో... అప్పుడు నువ్వు గెలిచినట్టేనా?"