పూత మీద బేరం

"ఆ గోడకి పిందె రంగే వెయ్యాలి సలోమోనూ. పచ్చ అన్నానని ఏదో పచ్చ పులిమెయ్యకు. మామిడి పిందె ఉంటుందే, ఆ రంగు" అంది విజయరాణి.

పెయింటర్ సలోమోను ముందు గోడ వైపు చూశాడు. తర్వాత ఆవిడ భర్త కిషోర్ బాబు మేష్టారి వైపు చూశాడు.

"ఉన్న రంగు బానే ఉంది కదమ్మగారూ."

"ఏం బాగు? వెలిసి చచ్చింది. కొనేవాళ్ళు గుమ్మంలోనే మొహం చిట్లిస్తారు."

"ఆవిడ చెప్పిందే వెయ్యవయ్యా" అన్నారు మేష్టారు. సలోమోను డబ్బా మూత తీశాడు.

నూజివీడుకి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, మామిడితోట నడుమ రెండు గదుల ఇల్లది. సెలవులకి వచ్చి నాలుగు రోజులు ఉండడానికి కట్టుకున్నది. ఇప్పుడది అమ్ముడుపోవాలి. విజయరాణికి తిండి సహించడం లేదు. ధ్యాసంతా దాని మీదే. ఎందుకో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆవిణ్ణి ఏమీ అడగరు.

ఇంటిని ఎలా ముస్తాబు చెయ్యాలో కూతురు షీబా గీసిచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల, ఆసుపత్రి మంచం మీద కూర్చుని, డ్రాయింగ్ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసింది. పిందె రంగు గోడలు. కిటికీకి ఎదురుగా పేము కుర్చీ. దాని పక్కన మట్టికుండలో మనీ ప్లాంట్. వరండాలో ఉయ్యాల బల్ల. కింద 'అమ్మా, దిండ్లకి ఆ పూల గలీబులు మాత్రం వద్దు, ప్లీజ్' అని రాసింది. తల్లి అభిరుచి మీద పిల్లకి అంత నమ్మకం మరి. కాగితం మడతల దగ్గర చిరిగితే విజయరాణి టేపు అంటించింది. ఆ టేపు కూడా అంచుల్లో లేచిపోయింది.

"మీరేమో కాయ మీద చూపిద్దామంటారు" అంది దిండుకి తెల్ల గలీబు తొడుగుతూ. "చెట్టు నిండా కాయ వేలాడుతుంటే తోట ఇల్లు మంచి ధర పలుకుతుందని ఈ వైపు అందరూ అనేదే. కాదన్ను. కానీ పిల్ల గుండె ఏప్రిల్ దాకా ఆగుతుందా? ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు చెప్పలా?"

"ఆగొద్దు రాణీ. పూత మీదే చూపిద్దాం."

"నిజంగా?"

"నిజంగానే."

అంతవరకూ అని, మేష్టారు గబగబా వరండాలోకి వెళ్ళిపోయారు. అక్కడ తూర్పు వైపు తిరిగి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడవాల్సింది కళ్ళజోడు కాదని సలోమోనుకి తెలుసు. అతను గోడ వైపు తిరిగి రంగు వేసుకుంటూ పోయాడు.

ఆదివారం చర్చి అయ్యాక కొనేవాళ్ళు వచ్చారు. విజయవాడ వాళ్ళు. రవితేజ, అతని భార్య యోగిత. తోటలో కుక్క మొరగలేదు సరికదా, తోకాడించుకుంటూ కారు చుట్టూ తిరిగింది. పొద్దుటి ప్రార్థన దేవుడు విన్నాడనుకుంది విజయరాణి.

"రండమ్మా, లోపలికి రండి. ఈ కిటికీ దగ్గర గాలి చూడండి. పూత వాసన మంచం దాకా వస్తుంది. బాత్రూం ఇటు. ఆ తలుపు కాస్త..."

ఆవిడ చెప్పేలోపే యోగిత తలుపుని పాదంతో కొంచెం పైకెత్తి తోసింది. తెరుచుకుంది.

"చిన్న రిపేరమ్మా. చేయించేస్తాం" అంది విజయరాణి సిగ్గుపడుతూ.

"పర్లేదాంటీ. అలాగే ఉండనివ్వండి." యోగిత పేము కుర్చీలో కూర్చుంది. "ఎంత బాగుందో! ఎవరాంటీ ఇదంతా డిజైన్ చేసింది?"

"మా అమ్మాయి!"

విజయరాణి కాగితం తీసి చూపించింది. ఏ రంగు ఎందుకో, కుర్చీ అక్కడే ఎందుకో పిల్ల చెప్పిన మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. గలీబుల సంగతి చెప్పి నవ్వింది కూడా. యోగిత నవ్వబోయింది, రాలేదు.

"తీసుకుంటామండీ" అన్నాడు రవితేజ.

"బేరం ఆడరా బాబూ?"

"ఆడమండీ."

విజయరాణి యోగిత చేతులు రెండూ పట్టుకుని భోరున ఏడ్చింది. "నా పిల్లని బతికించారమ్మా. మీ కడుపు చల్లగా ఉండాలి. ఏమండీ, వింటున్నారా? ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి. డేటు ఖాయం చెయ్యమనండి."

"చేస్తా రాణీ. నువ్వెళ్ళి ఆటోలో కూర్చో. నేను తలుపులేసి వస్తా."

ఆవిడ కాగితం జాగ్రత్తగా మడిచి, గుండెలకి హత్తుకుని నడిచింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఎన్ని నెలల తర్వాతో ఆ మొహంలో వెలుగు.

"షీబాకి నేనే చెప్తా. మీరు ముందే చెప్పేసేరు!"

"చెప్పన్లే" అన్నారు మేష్టారు.

ఆవిడ ఆటో ఎక్కాక మేష్టారు ఇంటికి తాళం వేసి, ఆరేళ్ళ కిందట, షీబా చనిపోయిన వారానికి, నిండు కాయ మీద ఈ ఇల్లు కొనుక్కున్న రవితేజ చేతిలో తాళంచెవి తిరిగి పెట్టారు.